చిన్నప్పుడు నాకు మతిమరుపుండేదా, పిన్నీ?

హాలిఫాక్స్,
8 అక్టోబరు 2023

పిన్నీ,

నమస్కారాలూ కుశలప్రశ్నలూ ఉత్తరం చివర పెడతాను. ముందు పెడితే అసలు సంగతి మర్చిపోతాను, ఆ మర్చిపోవడమే ఇవాళ అసలు సంగతి.

మొన్న గురువారం లైబ్రరీ నుంచి ఇంటికి వస్తూ హార్బర్ దాటే ఫెర్రీ ఎక్కాను. అవతలి ఒడ్డు వచ్చింది, అందరూ దిగారు, నేను దిగలేదు. పడవ మళ్ళీ ఇవతలికి వచ్చేసింది. అప్పుడైనా తెలిసిందా అంటే లేదు. మూడోసారి బయల్దేరుతుంటే తాళ్ళు విప్పే అతను వచ్చి "యూ ఓకే, డియర్?" అన్నాడు. కిటికీలోంచి పొగమంచు చూస్తున్నానని చెప్పాను. నిజానికి ఏం చూస్తున్నానో నాకే తెలియదు.

సంజయ్ సంగతి నీకు తెలుసుగా, దేనికీ కంగారుపడడు. నా వెనకాలే వంటింట్లోకి వచ్చి పొయ్యి కట్టేసి, కుళాయి కట్టేసి, ఫ్రిజ్ తలుపు వేసి వెళ్ళిపోతాడు. నన్ను భయపెట్టేది అది కాదు పిన్నీ. పై గదిలో కూర్చుని ఉంటాను, కింద నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు నాకు ముందుగా వచ్చే ఆలోచన 'పెట్టి మర్చిపోయాను' అని కాదు. 'అమ్మ లేచింది' అని. అమ్మ పోయి రెండేళ్ళు కావస్తోంది. ఈ ఇంట్లోనే, ఆ కింది గదిలోనే పోయింది. అయినా గబగబా మెట్లు దిగుతాను. దిగి చూస్తే ఎవరూ ఉండరు, పొయ్యి మీద గిన్నె మాడిపోయి ఉంటుంది. పెట్టింది నేనే.

సూటిగా రాసేస్తాను. అమ్మకి వచ్చిన అల్జైమర్సే నాకూ వస్తోందని నా భయం. అమ్మకి మొదలైనప్పుడు యాభై ఎనిమిదేళ్ళని మనం అంటాం. మనకి తెలిసింది అప్పుడు. అసలు ఎప్పుడు మొదలైందో ఎవరు చూశారు? నాకిప్పుడు నలభై తొమ్మిది.

డాక్టరు మాత్రం ఇంకో మాట అన్నది. వేసవిలో మా ఇషితకి యూనివర్సిటీలో పరీక్షలు చేసి ఏడీహెచ్‌డీ అని తేల్చారని రాశాను కదా, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, వస్తువులు పారేసుకోవడం, మధ్యలో వదిలేయడం. ఆ రిపోర్టు చదివి ఇషిత, "మామ్, దిస్ ఈజ్ లిటరలీ యూ" అంది. అది డాక్టరుకి చెబితే, పెద్దవాళ్ళకీ ఆ పరీక్ష ఉంటుందని ఒక సైకాలజిస్ట్ దగ్గరికి పంపింది. ఆవిడ చెప్పేది ఇదీ. ఏడీహెచ్‌డీ అయితే చిన్నప్పటినుంచీ ఉండాలి. చిన్నప్పుడు లేకుండా ఈ మధ్యే మొదలైతే అది వేరే జబ్బు.

అందుకని నన్ను చిన్నప్పుడు దగ్గరుండి చూసినవాళ్ళు ఎవరైనా చెప్పాలట. అమ్మా లేదు, నాన్నా లేరు. తాతగారు పోయాక నువ్వు ఏలూరు మా ఇంటికి వచ్చేశావు, నీ పెళ్ళయ్యేదాకా నాకు జడలు వేసింది నువ్వే. నువ్వొక్కదానివే మిగిలావు. సైకాలజిస్ట్ నీకు కొన్ని ప్రశ్నలు పంపుతుంది. ఉన్నది ఉన్నట్టు రాయి పిన్నీ. నాకు చిన్నప్పుడు మతిమరుపుండేదా?

ఇప్పుడు కుశలప్రశ్నలు. నీ చెవి మిషను ఇంకా ఈల వేస్తోందా? బాబాయి మోకాలు ఎలా ఉంది?

నీ
విద్య


వాంకూవర్,
21 అక్టోబరు 2023

చిరంజీవి విద్యకి పిన్ని కోపంతో కూడిన ఆశీస్సులు.

కోపం ఎందుకంటే, అలాంటి మాటలు ఉత్తరంలో రాయకూడదు. నీకు జబ్బేమిటి? నలభై తొమ్మిదేళ్ళ పిల్లవి. పడవలో దిక్కులు చూస్తూ కూర్చుంటే జబ్బా? అయితే ఇక్కడ బస్సుల్లో ఫోన్లు చూసుకుంటూ కూర్చునే వాళ్ళందర్నీ ఆస్పత్రిలో పడేయాలి.

మీ సైకాలజిస్ట్ పంపిన కాగితాలు వచ్చాయి. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని చదువుతానంటే ఇవ్వలేదు, ఆయనకి నీ చిన్నతనం ఏం తెలుసు? నేనే కూర్చుని అన్నీ పూర్తిచేసి ఆ రోజే పోస్టులో వేశాను. ఎలా రాశానో విను, నీ ప్రాణం హాయిగా ఉంటుంది.

మనసు నిలపలేకపోయేదా? నెవర్. వస్తువులు పారేసుకునేదా? నెవర్. చెప్పింది వినిపించుకోనట్టు ఉండేదా? ఆ ప్రశ్న చూసి నాకు ఒళ్ళు మండింది. మనింటి పిల్లని అంత మాట అంటారా? నెవర్ దగ్గర టిక్కు పెట్టి, పక్కన 'ఆఫెన్' అని ఇంకో గడి ఉంటే దాన్ని పెన్నుతో కొట్టేశాను, ఎవరూ మార్చకుండా. చివర స్థలం చాలక వేరే కాగితం జత చేశాను. ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా అప్పచెప్పేదనీ, క్లాసులో ఫస్టనీ, ఒకసారి వింటే మర్చిపోయే ప్రసక్తే లేదనీ ఇంగ్లీషులో రాశాను. ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పిన చెయ్యి, ఒక్క తప్పు కూడా ఉండదు.

అంతగా మతి ఉన్న పిల్లకి మతి పోయే జబ్బు ఎలా వస్తుందని వాళ్ళే అనుకుంటారు, చూడు. అయినా మన పిల్లలో లోపం ఉందని ముక్కూ మొహం తెలియని మనిషికి సంతకం పెట్టి ఇస్తానా నేను? మీ అమ్మ ఉంటే ఊరుకుంటుందా?

మా ఇంట్లో ఒక వింత జరుగుతోంది. మీ బాబాయి వంట నేర్చుకుంటున్నాడు. నలభై ఏళ్ళలో గ్లాసు కడగని మనిషి, ఇప్పుడు నన్ను పొయ్యి దగ్గరికే రానివ్వడు. నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాడు. బాగుందనే అన్నాను. రిటైరైన ఇంజనీర్లకి ఇలాంటి పిచ్చి పడుతుంది కాబోలు.

ఇక్కడ వాన మొదలైంది, ఇక ఏప్రిల్ దాకా ఇంతే. కరివేపాకు కుండీ లోపల పెట్టేశాను.

ఇషిత ఏం చదువుతోంది? రాయలేదు నువ్వు.

ప్రేమతో
శకుంతల పిన్ని


హాలిఫాక్స్,
12 నవంబరు 2023

పిన్నీ,

నీ మీద నాకు ఎంత కోపంగా ఉందో, అంత ప్రేమగానూ ఉంది. రెండూ కలిసి వస్తే ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇలా మొదలుపెట్టాను. ఇషిత మెరైన్ బయాలజీ చదువుతోంది. జూన్‌లో రాశాను, ఆగస్టులో మళ్ళీ రాశాను.

పోయిన వారం నాకు పరీక్షలు అయ్యాయి. ఒక చిన్న గది, కిటికీ లేదు, ఒక టేబులు. సైకాలజిస్ట్ మంచావిడ, గొంతు తగ్గించి మాట్లాడుతుంది. మొదట అంకెలు చెప్పి తిరిగి చెప్పమంది. తర్వాత వెనకనుంచి చెప్పమంది. ఎరుపూ తెలుపూ దిమ్మలు ఇచ్చి బొమ్మలో ఉన్నట్టు పేర్చమంది. అది నాకు భలే సరదాగా ఉంది, ఆవిడ చాలన్నాక కూడా పేరుస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద ఒక్కో అక్షరం వస్తుంది, వచ్చిన ప్రతిసారీ మీట నొక్కాలి, ఎక్స్ వస్తే మాత్రం నొక్కకూడదు. ఇంతే ఆట. చిన్నపిల్లలు ఆడగలరు. కాసేపటికి నా వేలు నా మాట వినడం మానేసింది. ఎక్స్ అని తెలుస్తూనే ఉంటుంది, నొక్కేస్తూనే ఉంటాను.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు జరిగింది అంకెల దగ్గర.

నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అమ్మకి మొదటిసారి ఇలాంటి పరీక్షలు చేసినప్పుడు దుబాసీగా నన్నే కూర్చోబెట్టారు. అమ్మ కుర్చీకి కొంచెం వెనకగా నా కుర్చీ. వాళ్ళు ఇంగ్లీషులో అడుగుతారు, నేను తెలుగులో చెప్పాలి, అమ్మ జవాబు మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాలి. ఇది ఏ సంవత్సరం అని అడిగారు. అమ్మ వెనక్కి తిరిగి నాతో నవ్వుతూ, "అదేమిటే, ఆవిడకి తెలియదా?" అంది. ఎంత మర్యాదగా తప్పించుకుందో చూడు. గడియారం బొమ్మ వేయమంటే అంకెలన్నీ ఒకే పక్కన వేసింది. అంకెలు వెనకనుంచి చెప్పమన్నప్పుడు మాత్రం నవ్వు పోయింది. నా వైపు చూసింది పిన్నీ. పెదవి కదపకుండా జవాబు అందించమని అడిగింది. నాకు తెలుసు ఆ చూపు. నేను తల దించుకున్నాను. దుబాసీ సాయం చేయకూడదని ముందే చెప్పారు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. సైకాలజిస్ట్ అంకెలు చెప్పింది. నేను నోరు తెరిచేలోపల నా వెనక ఎవరో కుర్చీ సర్దుకున్నట్టు చప్పుడైంది. చీర మడతల చప్పుడు. "చెప్పవే, నీకు తెలుసుగా" అని అమ్మ గొంతు. మందలింపుగా కూడా కాదు, బతిమాలుతున్నట్టు. వెనక్కి తిరిగి చూశాను. గోడ ఉంది, గోడ మీద కోటు తగిలించే మేకు ఉంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి అంకెలు ఒక్కటీ లేవు. సైకాలజిస్ట్ ఏదో రాసుకుంది. ఆవిడకి ఏమని చెప్పను?

అన్నీ అయ్యాక నీ కాగితాలు తీసింది. "మీ ఆంట్‌కి మీరంటే చాలా ప్రేమ అనుకుంటాను" అని నవ్వింది, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. నువ్వు రాసిందాని ప్రకారం నాకు చిన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. చిన్నప్పుడు లేదు, ఇప్పుడు ఉంది, పైగా తల్లికి అల్జైమర్స్. అలాంటప్పుడు ఏడీహెచ్‌డీ అనడానికి లేదట, న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపాల్సి రావచ్చట. ఫలితాలు డిసెంబరులో చెబుతుంది, ఈలోగా ఇంకెవరైనా ఏమైనా చెప్పగలరేమో చూడమంది.

నువ్వు నన్ను కాపాడాలని పెట్టిన ఒక్కో టిక్కూ నన్ను అమ్మ కుర్చీ దగ్గరికి తోసింది పిన్నీ. నాకు మెచ్చుకోలు వద్దు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నేను పలకో బలపమో పారేసుకున్నానని చెప్పు. నీకు దణ్ణం పెడతాను.

విద్య


వాంకూవర్,
26 నవంబరు 2023

విద్యకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నేను చెడగొట్టానంటావా? మన పిల్ల బంగారం అనడం తప్పని నాకెవరు చెప్పారు? మంచి మాట రాస్తే కీడు జరిగే దేశం ఇది. మీ అమ్మ గురించి రాసింది చదివి ఏడ్చాను. మళ్ళీ మళ్ళీ చదవాలనిపిస్తుంది, చదివితే ఏడుపు వస్తుంది, బాబాయి ఆ ఉత్తరం తీసి బీరువాలో పెట్టేశాడు.

సరే, నిజం కావాలన్నావు కదా. రాస్తున్నాను, నువ్వే ఇంగ్లీషులో పెట్టి ఆవిడకి ఇయ్యి.

నువ్వు ఒట్టి మతిమరుపు పిల్లవి. ఇంతకన్నా స్పష్టంగా చెప్పనా? పలక సంగతి అడిగావు. నెలకొక పలక కొనేవాళ్ళు నీకు. బడి నుంచి వస్తూ రేవులో పడవలు చూస్తూ నిలబడిపోయేదానివి. గోదావరి పోటు మీద ఉంటే మరీనూ. పలక మెట్ల మీద పెట్టేదానివి, లేచి వచ్చేసేదానివి, నీళ్ళొచ్చి పట్టుకుపోయేవి. ఒకరోజు మరీ అన్యాయం, నన్నే మర్చిపోయి వచ్చేశావు. నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే పడవ సరంగు ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. నాన్నగారు నిన్ను గుంజకి కట్టేస్తానని కేకలేశారు. నువ్వేమో ఆ కేకలు కూడా వినకుండా పిట్టగోడ మీద తొండని చూస్తున్నావు. నాన్నగారికి కోపం పోయి నవ్వొచ్చింది. "దీని శరీరం ఇక్కడుంది, ఇది మాత్రం ఎక్కడో ఉంది" అన్నారు.

పాలు పొంగబెట్టడం నీకు రోజూ ఉన్నదే. అమ్మ నిన్ను పొయ్యి దగ్గర కాపలా కూర్చోబెట్టేది, నువ్వు మంటనే చూస్తూ కూర్చునేదానివి, పాలు పొంగి నిప్పులు ఆరిపోయేవి. దేవుడి గదిలో ఒక కాలి పట్టీ దొరికేది, రెండోది ఎప్పటికీ దొరికేది కాదు. చాలా? ఇంకా కావాలా? ఎన్నైనా ఉన్నాయి. అన్నీ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తున్నాయి, నిన్న జరిగినట్టు.

చెప్పడం మర్చిపోయాను, మీ బాబాయి వంట నేర్చుకుంటున్నాడు. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడు. అంతే కాదు, కూరల షాపుకి వెళ్తే నా వెనకాలే పది అడుగుల దూరంలో వస్తున్నాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత తిరగలేదు నా వెనక. స్కైట్రెయిన్ ఒక్కదాన్నీ ఎక్కొద్దంటాడు. నా హ్యాండ్‌బ్యాగులో మా అడ్రసు, ఆయన ఫోన్ నంబరు రాసిన కార్డు ఒకటి పెట్టాడు. నేనేమైనా బడికెళ్ళే పిల్లనా అని అడిగితే, "ఉండనీ శకుంతలా, బరువా?" అన్నాడు. ముసలితనంలో మగవాళ్ళకి చాదస్తం ఎక్కువవుతుంది. నువ్వు ఒకసారి ఫోన్ చేసి మందలించు.

ఇక్కడ వాన. కరివేపాకు కుండీ లోపల పెట్టాలి.

ఇషిత ఏం చదువుతోంది? ఎప్పుడు అడిగినా రాయవు.

పిన్ని


హాలిఫాక్స్,
17 డిసెంబరు 2023

పిన్నీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నేను మధ్యలో వదిలేసే మనిషినని నీకు తెలుసు, కానీ ఇది ఆ వదిలేయడం కాదు. బాబాయి పక్కనుండగా చదువు. ఆయనతో మాట్లాడే రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఎగిరి గంతేశాను. సంజయ్‌కి పైకి చదివి వినిపించాను. వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లీషులో పెట్టడం మొదలుపెట్టాను. పలక అయింది. పడవలు అయ్యాయి. రేవు దగ్గరికి వచ్చి నా చెయ్యి ఆగిపోయింది.

ఏలూరులో గోదావరి ఎక్కడిది పిన్నీ? మా ఇంటి ముందు కాలవ ఉండేది, రేవూ లేదు, పోటూ లేదు. ఆ రేవు నరసాపురంలో ఉంది, మీరు పుట్టి పెరిగిన ఊళ్ళో. నాన్నగారు కేకలేశారన్నావు. ఆయన మీ నాన్నగారు, మా తాతగారు. నేను పుట్టకముందే పోయారు. మెట్ల మీద కూర్చుని ఏడ్చిన పిల్లవి నువ్వయితే, నిన్ను మర్చిపోయి ఇంటికొచ్చేసింది నేను కాదు. నేను బడికెళ్ళే వేళకి నువ్వు కాలేజీలో పాఠాలు చెబుతున్నావు. నువ్వు రాసినవన్నీ నిజంగా జరిగే ఉంటాయి. జరిగింది అమ్మకి.

నీ దగ్గర దాచను. ఇచ్చేస్తే ఏం పోయిందని ఒక పూటంతా అనుకున్నాను. సైకాలజిస్ట్‌కి నరసాపురమేమిటి, ఏలూరేమిటి? ఆ కాగితం ఒక్కటి చేతికిస్తే నాకు అమ్మ జబ్బు లేదని ఒక మనిషి చేత అనిపించుకోవచ్చు. చివరికి ఇవ్వలేదు. అంత నిజాయితీ ఉందని కాదు. అప్పటికే నా భయం నన్ను వదిలేసి, నీ గురించిన భయం పట్టుకుంది.

ముందు నా ఫలితం చెబుతాను, నువ్వు ఎదురుచూస్తూ ఉంటావు. నాకు ఏడీహెచ్‌డీయే. సంజయ్‌ని పిలిపించి సైకాలజిస్ట్ మాట్లాడింది. పెళ్ళయిన మొదటి వారం నుంచీ తను నా వెనకాల పొయ్యిలు కట్టేస్తున్నానని చెప్పాడతను, ఫిర్యాదుగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదని దాంతో తేలింది. పరధ్యానానికి బళ్ళో నేను తిన్న దెబ్బలు నా నోటితోనే చెప్పించింది. నీ ప్రేమ కాగితాన్ని పక్కన పెట్టింది.

ఇంకొకటి కూడా చూసింది. పరీక్ష రోజున నాకు ఒక చిన్న కథ చదివి వినిపించింది, బేకరీ నడిపే ఒకావిడ గురించి. వెంటనే చెప్పమంటే సగమే చెప్పగలిగాను, మిగతా సగం వింటున్నప్పుడే ఎటో వెళ్ళిపోయాను. చాలాసేపటి తర్వాత మళ్ళీ అడిగింది. ఆ సగమూ అలాగే చెప్పాను, ఒక్క ముక్క పోలేదు. "మీరు పట్టుకోనిది పోయింది, పట్టుకున్నది నిలిచింది. మీ అమ్మగారి జబ్బులో పట్టుకున్నదే జారిపోతుంది" అంది. ఇప్పటికి న్యూరాలజిస్ట్ అక్కర్లేదంది. రెండేళ్ళకి మళ్ళీ ఒకసారి చూస్తుందట.

సంతోషించాను పిన్నీ. పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని పెద్దగా ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ ఆ మాటే మళ్ళీ వినపడింది, పట్టుకున్నదే జారిపోతుందని. ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చదివాను. ఇషిత చదువు. కరివేపాకు కుండీ. బాబాయి వంట. ఆయన నీ వెనక ఎందుకు నడుస్తున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. మందలించడానికి కాదు, అది అడగడానికే ఫోన్ చేశాను. "ఎప్పటినుంచి బాబాయీ?" అన్నాను. ముందు తలుపు మూసిన చప్పుడు వినిపించింది. తర్వాత, "వంటింట్లో రెండుసార్లు మంట అంటుకుందమ్మా. తనకి తెలిస్తే తట్టుకోలేదు, నేనే మెల్లగా..." అన్నాడు. మీ ఇద్దరికీ ఒకరి దగ్గర ఒకరు దాచుకోవడం తప్ప ఏమీ తెలియదు.

అమ్మ గురించి ఒక్క మాట రాయాలి. నువ్వు రాసిన రేవు కథలు చదివాక అనిపించింది, అమ్మకీ చిన్నప్పుడు నాలాంటిదే ఉండేదేమో. అందరికీ అది అలవాటైపోయి ఉంటుంది. తర్వాత అసలు జబ్బు వచ్చినప్పుడు కూడా, దాని మతిమరుపు మామూలేగా అని నవ్వుకుని ఉంటారు. అది పాత మతిమరుపు వెనక నక్కి లోపలికి వచ్చింది, ఎవరూ చూడలేదు. నాకూ అలాగే వస్తే ఎవరు చూస్తారని ఆలోచిస్తూనే ఉన్నాను. నీ విషయంలో మాత్రం నేను చూశాను. చూసి ఊరుకోను.

జనవరి రెండో వారంలో వస్తున్నాను, టికెట్ తీశాను. నిన్ను డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. తప్పులు చెప్పినా ఎవరూ నవ్వరు. కోపగించుకో, తిట్టు, కానీ నాకు జవాబు రాయి.

నీ విద్య


వాంకూవర్,
తేదీ ఆయన్ని అడిగి వేస్తాను

అక్కయ్యా,

నువ్వు క్షేమమని తలుస్తాను. నీకు రాసి చాలా రోజులైంది, ఏమనుకోకు. ఇక్కడ ఒకటే వాన.

నీ కూతురు పెద్ద ఉత్తరం రాసింది. దానికి భయపడినట్టు ఏమీ లేదట, పరీక్ష చేసి చెప్పారట. ముందు ఆ మాట నీకు చెప్పాలని కూర్చున్నాను. నువ్వు దాని గురించి ఎంత బెంగ పెట్టుకునేదానివో నాకు తెలుసు. ఇక పెట్టుకోకు. దానికి నీది రాలేదు.

అది నా గురించి కూడా ఏదో రాసింది. ఆయన చదివి వినిపించాడు. చదువుతున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు. నేను కోప్పడలేదు. నాకు తెలుసు అక్కయ్యా. వాళ్ళు నా దగ్గర దాస్తున్నామని అనుకుంటున్నారు, నేనూ వాళ్ళ దగ్గర దాస్తున్నాను. మొన్న కూరల షాపులో ఒక పెద్దమనిషి నా వెనకాలే వస్తున్నాడని భయమేసి, షాపు అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి అతని దగ్గరికి వెళ్ళింది. అతను తల వంచుకుని నిలబడ్డాడు. కాసేపటికి చూస్తే, మా ఆయన. ఇంటికొచ్చాక ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. వంకాయలు బాగున్నాయని మాట్లాడుకున్నాం.

నీకు మొదట్లో ఎలా ఉండేది? నువ్వు ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. పొద్దున్న లేవగానే ఇల్లు కొత్తగా ఉండేదా? తెలిసిన మాట నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోతే నువ్వేం చేసేదానివి? నేను నవ్వుతున్నాను. నవ్వితే ఎవరూ గట్టిగా అడగరు. ఇది నీ దగ్గరే నేర్చుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది. నిన్ను చూడటానికి వచ్చినప్పుడు నువ్వు నవ్వుతుంటే, అక్కయ్య బాగానే ఉందని అందరికీ చెప్పేదాన్ని.

ఇంతవరకూ రాసి కవరు మీద నీ పేరు రాశాను. ఆయన వచ్చి చూసి నా పక్కన కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు లేవు. నువ్వు పోయావని నాకు ఎవరో ఇప్పుడే చెప్పినట్టు మళ్ళీ మొదటినుంచీ ఏడ్చాను.

ఆయన ఈ కాగితం చింపేయమంటావా అని అడిగాడు. వద్దన్నాను. రాసింది నిజమే కదా, చదవాల్సిన మనిషి ఒకరుంటే చాలు. కవరు మీద పేరు మాత్రం మార్చమన్నాను.

విద్యా, ఇది నీకే. నువ్వు చిన్నప్పుడు ఎలా ఉండేదానివని అడిగావు. ఎంత వెతికినా అక్కయ్యే కనిపిస్తోంది, నువ్వు కనిపించడం లేదు. నా చేతుల్లో పెరిగిన పిల్లవి, ఎక్కడికి పోయావే? డాక్టరు దగ్గరికి వస్తాను. ఏం చెప్పమంటే అది చెబుతాను, తప్పయినా చెబుతాను. జనవరి అన్నావు, అంతదాకా ఆగకు. టికెట్ మార్చుకో. నువ్వెవరో నాకు ఇంకా తెలుసు, తెలిసి ఉండగానే రా.

పిన్ని